వీపుల పాఠం

హార్బిన్‌లో, నది గడ్డకట్టే నెలలో,
బస్సు డిపో వెనక ఖాళీ జాగాలో
సాయంత్రం ఆరున్నరకి
నలభై మంది ఆడవాళ్ళం, ఒక చక్రాల స్పీకరు.
నాది ఆఖరి వరుస, ఎడమ కొస,
చెత్తడబ్బా పక్కన.

ముప్పై రెండేళ్ళు బేరింగుల ఫ్యాక్టరీలో
ఉక్కు గుండ్లను వేళ్ళ మధ్య దొర్లించి చూసినదాన్ని.
వెంట్రుకలో పదోవంతు తేడా తగిలినా
జాలి లేకుండా పక్కన పడేసేదాన్ని.
ఇప్పుడు నా ఎడమకాలు
తాళానికి అర దెబ్బ వెనక నడుస్తోంది.
దీన్ని ఏ డబ్బాలో పడేయను?

ఔయాంగ్ షుచెన్ నేర్పుతుంది. మాట తక్కువ మనిషి.
తప్పు చేస్తే తిట్టదు.
"మళ్ళీ" అంటుంది, అంతే.
ఆ ఒక్క మాటకి
ఎద్దు ఎండకీ దున్న నీడకీ లాగినట్టు
నా కాళ్ళు రెండూ చెరోవైపు బయల్దేరతాయి,
మధ్యలో కాడిలా నేను.

షుచెన్ ముఖం నాకు కనబడదు.
ఆఖరి వరుసలో చదువంతా వీపులే.
నా ముందు మియావ్ లాన్‌శిన్, ఊదారంగు కోటు.
ఆ భుజం ఒరిగిందంటే తిరగాలి.
ఆ మఫ్లరు కొస ఎగిరిందంటే
నేను అప్పటికే తిరిగి ఉండాల్సింది.
జలుబు చేసి ఆమె రాని రోజున
నాకు ఒక్క అక్షరం రాదు.

అందుకని వంటింట్లో సాధన.
నేల మీద పలకలు, అడ్డం ఆరు, నిలువు తొమ్మిది.
కుడి, దాటు, వెనక్కి, తట్టు.
ఎనిమిది దాకా లెక్కపెట్టాలి,
ఎనిమిది తర్వాత తొమ్మిది రాదు, మళ్ళీ ఒకటే.
అరవై మూడేళ్ళు నిండినదానికి
ఈ లెక్క నచ్చడంలో వింతేముంది?

కుండలో జియావోజీలు తేలుతుంటాయి.
కింది వాటా ముసలాయన
చీపురు కర్రతో తన కప్పు మీద పొడుస్తాడు.
టక్. టక్.
కోపంగానే పొడుస్తాడు గానీ తాళం తప్పడు.
ఒక రాత్రి నేను ఆగిపోయిన చోట
ఆయన దెబ్బకే దొరికింది ఏడో అడుగు.
ఆ సంగతి చెప్పలేదు.
గిన్నెడు జియావోజీలు మాత్రం పంపాను.

మంగళవారం వచ్చిన అడుగు
బుధవారం రమ్మన్నా రాదు.
బతిమాలినా, అద్దం ముందు నిలబెట్టినా రాదు.
గురువారం, బస్సు కోసం నిలబడ్డప్పుడు,
చేతిసంచిలో క్యాబేజీ బరువుకి ఒకపక్క వాలి ఉన్నప్పుడు,
దానంతటది వచ్చి
జోడులా కాలికి తొడుక్కుంటుంది.
డ్రైవరు హారన్ కొడతాడు. వెయిట్ చెయ్యవయ్యా,
ఇంకా నాలుగు లెక్కలున్నాయి.

నిన్న నది వైపు నుంచి గాలి.
కనురెప్పల మీద మంచు పేరుకుంది.
స్పీకరు దగ్గర్నుంచి షుచెన్ కేకేసింది:
"గాలికి వీపు పెట్టండి! అందరూ వెనక్కి తిరగండి!"

తిరిగాం.

నా ముందు ఎవరూ లేరు.
ఊదారంగు కోటు లేదు.
డిపో గోడ, దాని మీద ఒక దీపం,
దీపం కింద గాలికి సుడి తిరుగుతున్న పొడిమంచు.
ముప్పైతొమ్మిది మంది ఊపిరి నా మెడ వెనక.

పాట మొదలైంది.
నేను కాదు, మోకాళ్ళు మొదలుపెట్టాయి.
కుడి, దాటు, వెనక్కి, తట్టు.
ఎవరి కాళ్ళో అనుకున్నాను కాసేపు.
ఎడమది కూడా వేళకే వచ్చింది,
ఉద్యోగానికి మొదటిరోజు వచ్చినట్టు.

నాలుగో మలుపు కుడికి తిరగాలి.
ఎడమకి తిరిగాను.
దిద్దుకునే లోపే వినబడింది,
మంచు మీద ముప్పైతొమ్మిది జతల బూట్లు
కర్ మని ఒకే చప్పుడు.
అందరూ ఎడమకే.
లాన్‌శిన్ కూడా.

ముప్పై రెండేళ్ళలో ఒక్క తప్పుడు గుండుని
గేటు దాటనివ్వని దాన్ని నేను.

పాట అయిపోయింది.
నా వెనక ఎవరి వీపు ఎలా ఉందో తెలీదు,
నవ్వుతున్నారో, రొప్పుతున్నారో.
దూరం నుంచి షుచెన్ గొంతు:
"మళ్ళీ."

కుడికా, ఎడమకా అని
ఎవరూ అడగలేదు.
నేను కూడా.